అగ్గిపుల్లల ఊరి పళ్ల వైద్యుడు

నేను ఇంగ్లండు వచ్చింది 2009 జనవరిలో. అప్పటికి విజయవాడలో బీడీఎస్ చదివి, తెనాలిలో మూడేళ్లు సొంత క్లినిక్ నడిపాను. మా ఆయనకి షెఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. షెఫీల్డ్ నుంచి బస్సులో గంట దూరంలో, కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్లో ఫ్లాట్ తీసుకున్నాం.

బయటి దేశాల్లో చదివిన పళ్ల డాక్టర్లు ఇక్కడ పని చెయ్యాలంటే పరీక్ష పాసవ్వాలి. మొదటి భాగం రాతపరీక్ష. రెండో భాగం ప్రాక్టికల్. బొమ్మ తల నోట్లో ప్లాస్టిక్ పళ్లు పెట్టి ఉంటారు, గడియారం చూసుకుంటూ వాటిని చెక్కాలి. నాలుగు ప్రయత్నాల్లో అవ్వకపోతే ఇక ఈ జన్మకి లేదు. రాతపరీక్ష గట్టెక్కాను. ప్రాక్టికల్ రెండుసార్లు పోయింది. రెండోసారి పోయినప్పుడు నా కూతురు కడుపులో ఉంది.

పాప పుట్టాక ఖాళీగా కూర్చోలేక ఆ ఊళ్లోనే ఒక డెంటల్ సర్జరీలో నర్సుగా చేరాను. సర్జరీ అంటే ఇక్కడ క్లినిక్కే. అక్కడి డెంటిస్టు నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. చేతిపని మంచిదే కానీ తొందర మనిషి. చేరిన కొత్తలో ఒక పేషంటు నొప్పి అంటూ వస్తే ఎక్స్‌రేలో ఏమీ లేదన్నాడు. పన్ను నిలువునా చీలిందని నాకు చూడగానే తెలిసిపోయింది. పేషంటు ముందే ఆ మాట అనేశాను. మధ్యాహ్నం నన్ను స్టాఫ్ రూమ్‌కి పిలిచాడు.

"మీరు ఇక్కడ నర్సు. పేషంట్ల ముందు డెంటిస్టులా మాట్లాడకండి. మీకు రేపు నా రిఫరెన్సు కావాలి కదా?"

కావాలి. పరీక్ష పాసయ్యాక ఉద్యోగానికి అతని సిఫారసు ఉత్తరం అడుగుతారు. అందుకే తలూపాను. ఆ తర్వాత పేషంట్లని చూసే గదిలో నేను మాస్కు వెనక నోరు తెరవలేదు.

నాకు గురువారం మధ్యాహ్నాలు సెలవు. 2012లో ఆ సెలవు పూట ఊరి లైబ్రరీకి పాపని తీసుకెళ్లేదాన్ని. అక్కడ ఊరి చరిత్ర గది ఒకటుండేది. దాన్ని చూసుకునేది డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ టీచరు. పొడుగ్గా, నిటారుగా ఉండేది. కీళ్లనొప్పులు. ఒకరోజు పాప పుస్తకాలు కింద పడేస్తుంటే ఏరుకుంటూ మాటల్లో నేను పళ్ల డాక్టరునని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, అప్పటికి ఆ మాట అని చాలా కాలమైంది. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే నువ్వు నాకు పనికొస్తావు. ఇలా రా."

బీరువాలోంచి ఒక పెట్టె తీసింది. అందులో తోలు అట్టల నోటుపుస్తకాలు ఇరవైకి పైనే ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్లో ఉన్న ఒక పళ్ల వైద్యుడివట. ఊరికి ఏదో చేశాడని తెలుసుగానీ, ఆ రాత ఎవరికీ అర్థం కాక అలాగే పడున్నాయట. నేను ఒకటి తెరిచాను. ఎండిన రక్తం రంగు సిరా, గొలుసుకట్టు రాత, నిండా పళ్ల వైద్యుల పొట్టి గుర్తులు. రెండు నిమిషాలు చూశాక హఠాత్తుగా తెలిసింది. "కింది దవడ, ఎడమ వైపు, రెండో పెద్ద పన్ను, చీము" అని చదివాను. ఆవిడ చప్పట్లు కొట్టింది. ఎన్నాళ్ల తర్వాతో నాకు చదువు వచ్చినట్టు అనిపించింది.

అప్పటినుంచి ప్రతి గురువారం పాపని పక్కింటావిడకి అప్పజెప్పి వెళ్లేదాన్ని. నేను చదివేదాన్ని, ఆవిడ టైపు చేసేది. మధ్యలో టీ, బిస్కెట్లు. ఎముకలు గుల్లబారకుండా ఆవిడ వారానికోసారి వేసుకునే ఎముకల మాత్ర గురించి, అది మింగి అరగంట వంగకుండా కూర్చోవాల్సి రావడం గురించి జోకులేసేది. పదేళ్లకు పైగా వేసుకుంటోందట. కీళ్లకి స్టెరాయిడ్లు కూడా. నేను విని నవ్వేదాన్ని.

ఆ పళ్ల వైద్యుడి కథ మాకు కొంచెం కొంచెంగా తెలిసింది. ఆయన గడియారాలు బాగుచేసేవాడి కొడుకు. చిన్నప్పుడే మందుల షాపులో పనికి కుదిరి, అక్కడ పళ్లు పీకడం నేర్చాడు. తర్వాత ఊరి పెద్దవీధిలో ఇల్లు తీసుకుని, ముందుగదిలో కుర్చీ వేశాడు. ఏ కాలేజీలోనూ చదవలేదు, ఏ పరీక్షా రాయలేదు. ఆయన నడివయసులో ఉండగా పళ్ల వైద్యులందరూ పేర్లు నమోదు చేయించుకోవాలని చట్టం వచ్చింది. అప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లు పరీక్ష లేకుండానే చేరిపోవచ్చు. ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టి డెంటిస్టు అయ్యాడు. అది చదివిన రోజు నేను నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాను. నవ్వు ఎక్కడ ఏడుపులోకి తిరిగిందో నాకే తెలియదు. ఆవిడ టీ కప్పు నా ముందుకు జరిపింది.

ఆయన నోటుపుస్తకాలకి ఒక ప్రత్యేకత ఉంది. ముందు వైపు నుంచి తెరిస్తే పేషంట్లు. తిరగేసి వెనక వైపు నుంచి తెరిస్తే ఊరి పనులు. ఊరి బోర్డుకి, అంటే మన మునిసిపల్ కౌన్సిల్ లాంటిదానికి, ఆయన ఎన్నికయ్యాడు. వీధి దీపాలు పెట్టించాడు. మురుగు ఏట్లో కలవకుండా కాలువ తవ్వించాడు. కూలివాళ్లు పేపరు చదువుకోవడానికి ఒక గది కట్టించాడు. వానలో నిలబడి కాలువ లోతు తనే కర్రతో కొలిచిన సంగతి ఒకచోట రాసుకున్నాడు. చదువుతుంటే ఆ మనిషి మీద ఇష్టం కలిగింది.

ఆ ఊళ్లో అప్పట్లో అగ్గిపుల్లల ఫ్యాక్టరీ ఉండేది. పుల్లల కొనలకి తెల్ల భాస్వరం పూసేవాళ్లు. పూసే పని ఆడవాళ్లది. ఆ ఆవిరి పుచ్చుపళ్లలోంచి దవడలోకి దిగి ఎముకని చంపేస్తుంది. పన్ను పీకితే ఆ గుంట మానదు. చీము, వాసన, తర్వాత ఎముక ముక్కలుగా ఊడొస్తుంది. కాలేజీలో మేం దీని గురించి ఒక పేరా చదివాం, అంతే. ఇక్కడ ఒక్కొక్క మనిషిగా చదివాను. పందొమ్మిదేళ్ల అమ్మాయి, కింది దవడ కుడి వైపు, ఆరు వారాలైనా గుంట పూడలేదు. పిల్లల తల్లి, ఎముక ముక్క వేలితో తీసేశాను. మూడో ఆవిడ, ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చింది, వాళ్లాయన పక్క గదిలో పడుకుంటున్నాడట.

నాలుగేళ్లలో అలాంటివాళ్లు పదకొండు మంది. ముందు వైపు పదకొండు మంది ఉన్నారు. వెనక వైపు నుంచి తెరిస్తే వాళ్ల గురించి ఒక్క మాట లేదు.

"ఎందుకు?" అని అడిగింది టీచరు.

కారణం మరో పుస్తకంలో దొరికింది. ఫ్యాక్టరీ యజమానే బోర్డు చైర్మన్. ఈయన్ని ఎన్నికల్లో నిలబెట్టింది అతనే. అతని కట్టుడుపళ్లు చేసింది ఈయన. కాలువకీ దీపాలకీ అతని ఓటు కావాలి. ఆ అమ్మాయిల మాట ఎత్తితే ఇవన్నీ ఆగిపోతాయని ఒక రోజు రాసుకున్నాడు. తర్వాత ఆ వాక్యం మీద గీత కొట్టేశాడు.

"పిరికివాడు," అంది ఆవిడ. నేను పేజీ తిప్పాను.

2013 సెప్టెంబరులో ఆవిడే మా సర్జరీకి వచ్చింది. కింది దవడ పన్ను నొప్పి. ఊళ్లో కొత్త పేషంట్లని తీసుకుంటున్నది మా సర్జరీ ఒక్కటే. ఆ ఉదయం డ్యూటీలో ఉండాల్సిన ఇంకో నర్సు రాలేదు, అపాయింట్‌మెంట్లు నలభై నిమిషాలు వెనకబడి ఉన్నాయి. డెంటిస్టు కంప్యూటర్ చూస్తూనే, "మందుల్లో మార్పులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవు, ఎప్పుడూ వేసుకునేవే," అంది ఆవిడ. తన జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, నుంచి అన్నీ వచ్చే ఉంటాయనుకుంది. ఆ స్క్రీన్ మీద ఎముకల మాత్ర లేదు. స్టెరాయిడ్లు లేవు. ఆవిడ వెనక నిలబడ్డ నాకు ఆ ఖాళీ కనబడుతోంది.

అది మామూలు మాత్ర కాదు. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పన్ను పీకాక ఒక్కోసారి దవడ ఎముక మానదు. చాలా అరుదు, కానీ స్టెరాయిడ్లు తోడైతే భయపడాల్సిందే. ముందు పన్ను నిలబెట్టడానికి చూడాలి. పీకక తప్పకపోతే పేషంటుకి చెప్పి, జాగ్రత్తలు తీసుకుని, గాయాన్ని వెన్నంటి చూడాలి. ఇదంతా నాకు తెలుసు. ఒక్క వాక్యం చాలు. స్టాఫ్ రూమ్ గుర్తొచ్చింది. రిఫరెన్సు గుర్తొచ్చింది. చాలామందికి ఏమీ కాదులే అనుకున్నాను.

డెంటిస్టు చెయ్యి చాపాడు. నేను పన్ను పీకే ఫోర్సెప్స్ ఇచ్చాను.

పన్ను తేలిగ్గా వచ్చేసింది. ఆవిడ వెళ్తూ నా భుజం తట్టి, "గురువారం కలుద్దాం," అంది.

రెండు వారాలకి నోట్లో చెడు రుచి వస్తోందంది. డెంటిస్టు యాంటీబయాటిక్ రాశాడు. అయిదో వారంలో మళ్లీ రాశాడు. ఎనిమిదో వారం ఆవిడ లైబ్రరీకి మెడలో స్కార్ఫు గడ్డం దాకా చుట్టుకుని వచ్చింది. దగ్గరికి రాగానే నాకు వాసన తెలిసింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఫోన్ లైటు వేసి చూశాను. చిగురు మధ్యలో వేలిగోరంత మేర పసుపుపచ్చటి ఎముక బయటపడి ఉంది. పక్కనే బల్ల మీద ఆ నోటుపుస్తకం తెరిచే ఉంది.

ఆ సాయంత్రమే సర్జరీకి వెళ్లి డెంటిస్టుకి చెప్పాను. "ఆవిడ పదేళ్లుగా ఎముకల మాత్ర వేసుకుంటోంది. ఎముక బయటపడింది. వెంటనే షెఫీల్డ్ ఆసుపత్రికి పంపాలి."

"మీకెలా తెలుసు?"

"ఆవిడే చెప్పింది. పోయిన ఏడాది."

అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "మరి ఆరోజు ఎందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి. కోపంగా కాదు. ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు అతనికీ తెలుసు. ఆసుపత్రికి ఉత్తరం ఆరోజే పంపాడు.

తర్వాతి గురువారం టీచరుకి నేనే చెప్పాను. చెప్పకుండా ఆవిడ ఎదురుగా కూర్చోలేకపోయాను.

"నీకు తెలుసా?" అంది.

"తెలుసు."

"పీకకముందే?"

"ముందే."

ఆవిడ లేచి కోటు వేసుకుంది. కీళ్లనొప్పుల వేళ్లు, బొత్తాలు ఒక పట్టాన పట్టలేదు. నేను సాయం చెయ్యబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్కొక్క బొత్తామూ పెట్టుకునేదాకా నేను నిలబడే ఉన్నాను. తర్వాత తలుపు తెరుచుకుని వెళ్లిపోయింది.

ఆ చలికాలం నాకు ముక్కలుముక్కలుగా గుర్తుంది. డ్యూటీ లేని రోజుల్లో పొద్దున పాపని నర్సరీలో దించి ఇంటికొచ్చి చెప్పులతోనే మంచం మీద పడుకునేదాన్ని. ఫోన్ మోగితే గోడకి తిరిగేదాన్ని. పాప వచ్చి నా బుగ్గ మీద చెయ్యేసి, "మమ్మీ, ఆర్ యూ పోర్లీ?" అనేది, ఒంట్లో బాలేదా అని ఆ ఊరి మాటలో. షెఫీల్డ్‌లో తెలుగువాళ్లు ఉగాదికి హాలు తీసుకుంటే మా ఆయన బలవంతం మీద వెళ్లాను. డాక్టరుగా చేస్తున్న ఒక ఆంటీ పులిహోర వడ్డిస్తూ, "పరీక్ష సంగతేమైందమ్మా?" అని ప్రేమగానే అడిగింది. బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఉండిపోయాను. అప్పటికే మూడో ప్రయత్నం కూడా పోయి ఉంది. ఏప్రిల్‌లో చివరిది.

చివరిదీ రాశాను. లండన్‌లో బొమ్మ తల ముందు నా చేతులు బాగానే పని చేశాయి. మూడు విభాగాలు పాస్, ఒకటి ఫెయిల్. ఎందుకో వివరంగా చెప్పరు. ఫలితం ఈమెయిల్లో వచ్చినప్పుడు నేను సర్జరీలో పరికరాలు కడుగుతున్నాను. చదివి, ఫోన్ జేబులో పెట్టుకుని, మిగతావి కడిగేశాను.

అప్పటికి టీచరుకి షెఫీల్డ్‌లో ఆపరేషన్ చేశారు. చచ్చిన ఎముక తీసేశారు. కింది పెదవి ఎడమ సగం మొద్దుబారిపోయిందని, మాట మారిందని లైబ్రరీలో విన్నాను. పళ్ల డాక్టర్ల, నర్సుల రిజిస్ట్రేషన్లు చూసే సంస్థకి ఆవిడ సర్జరీ మీద ఫిర్యాదు పెట్టింది. పన్ను పీకిన రోజు గదిలో ఉన్నవాళ్లందరూ జరిగింది రాసివ్వాలి.

డెంటిస్టు నన్ను కూర్చోబెట్టి, "మీరు పరికరాలు అందించారు, అంతే రాయండి. మీకేం తెలుసని ఎవరూ అడగడం లేదు," అన్నాడు. నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు, తనని తను కాపాడుకోవాలనీ అనుకున్నాడు. రెండూ నిజమే.

ఇంట్లో మా ఆయన అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. "పరీక్ష ఎలాగూ పోయింది. ఈ నర్సు పని కూడా పోతే నీకేం మిగులుతుంది చెప్పు?"

"ఏమీ మిగలదండీ."

"మరి?"

"మరి నాకు తెలియదు."

మర్నాడు ఒక్కదాన్నే లైబ్రరీకి వెళ్లాను. చదవాల్సిన పుస్తకాలు ఇంకా అయిదున్నాయి. అందులో ఒకదాని వెనక వైపు ఒక బోర్డు మీటింగు సంగతి దొరికింది. దవడ పాడైందని పనిలోంచి తీసేసిన ఒక ఆవిడ ఆయన ఇంటికొచ్చి అర్జీ రాసిపెట్టమని అడిగిందట. మాట అర్థం కాక మూడుసార్లు చెప్పించుకున్నాడట. ఆ తర్వాతి మీటింగులో ఆయన లేచి, ఫ్యాక్టరీలో తెల్ల భాస్వరం ఆపాలని తీర్మానం పెట్టి, పదకొండు మంది సంగతీ చదివాడు. చైర్మన్ అంతా విని ఒకటే అడిగాడు. నువ్వు పన్ను పీకకముందు వాళ్లకి దవడలున్నాయి, పీకాక లేవు, తప్పు నా భాస్వరానిదా, ఏ పరీక్షా రాయని నీ పట్టకారుదా? అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన, తప్పు తనది కూడానని, నాలుగేళ్లు తెలిసీ ఊరుకున్నానని చెప్పాడు. అలా చెప్పమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

దానివల్ల ఏ మంచీ జరగలేదు. తీర్మానం ఓడిపోయింది. తర్వాతి ఎన్నికల్లో ఆయనా ఓడిపోయాడు. పేషంట్లు రావడం మానేశారు. కొన్నేళ్లకి ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోతే పనులు పోయినవాళ్లు ఈయన్నే తిట్టి కిటికీలు పగలగొట్టారు. ఆయన మాత్రం ఆ ఆడవాళ్లకి గట్టి రబ్బరుతో దవడ ముక్కలు చేసిపెడుతూ వచ్చాడు. తెల్ల భాస్వరాన్ని చట్టం నిషేధించేనాటికి ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆయన్ని చూసి నాకు ధైర్యం వచ్చిందని చెప్పలేను. ఆ పేజీ చదివాక నాకు ఇంకా భయమేసింది. కానీ ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు రాశాను. ఆ మాత్ర సంగతి తెలుసని, చెప్పగలిగీ చెప్పలేదని, పరికరం నా చేతులతోనే ఇచ్చానని. పోస్టులో వేసి వచ్చాను.

నెలలోపు ఉద్యోగం పోయింది. ఆ సంస్థలో నా మీద విచారణ ఏడాదికి పైగా నడిచింది. చివరికి గట్టి హెచ్చరికతో వదిలేశారు. డెంటిస్టు ఊరు మారిపోయాడు.

2015 అక్టోబరులో ఒక గురువారం నేను చరిత్ర గదిలో ఉండగా టీచరు వచ్చింది. సన్నబడింది. ముఖం ఎడమ వైపు లోపలికి పోయింది. మాటలు నెమ్మదిగా, తడితడిగా వస్తున్నాయి. మధ్యమధ్యలో చేతిరుమాలుతో పెదవి ఒత్తుకుంటోంది.

"నువ్వు రాసింది చదివాను," అంది.

నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో. నిన్ను క్షమించడం నాకు చేతకావడం లేదు. ప్రయత్నించాను. సూపు తాగిన ప్రతిసారీ గుర్తొస్తావు." రుమాలు మడత మార్చుకుంది. "కానీ ఇక్కడ ఆ రాత చదవగలిగేది నువ్వొక్కదానివే. ఎన్ని మిగిలాయి?"

"రెండు."

"అయితే చదువు. నేను టైపు చేస్తాను."

అలా చదివాం. ఇదివరకట్లా కబుర్లు లేవు. నేను చదువుతుంటే ఆవిడ కీబోర్డు చప్పుడు వినబడేది. ఒకసారి మాత్రం పదం తప్పు చదివానని సరిదిద్దింది. చివరి పుస్తకం సగంలో ఆగిపోయింది. ఆఖరి పేజీలో ఒక ముసలాయన పన్ను గురించి మొదలుపెట్టాడు, వాక్యం పూర్తి కాలేదు. తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

"ఎందుకు ఆపేశాడు?" అంది.

"తెలియదు."

"తెలియదనే రాద్దాం. అందంగా ఏదీ కల్పించొద్దు."

అలాగే రాశాం. ఆవిడ 2018 చలికాలంలో న్యుమోనియాతో పోయింది. చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. ఆవిడ చెల్లెలు నన్ను గుర్తుపట్టి తల తిప్పుకుంది. అందులో తప్పేమీ లేదు.

ఇప్పుడు 2019. కౌన్సిల్ వాళ్ల కోసం వృద్ధాశ్రమాలు తిరుగుతున్నాను. మంచం మీదున్నవాళ్ల పళ్లు, చిగుళ్లు ఎలా శుభ్రం చెయ్యాలో అక్కడి పనివాళ్లకి నేర్పుతాను. కొంతమంది వింటారు, కొంతమంది ఫోన్ చూసుకుంటారు. పాపకి ఎనిమిదేళ్లు. స్కూల్లో అమ్మ ఏం చేస్తుందని అడిగితే డెంటిస్టని చెప్పిందట. కాదని దిద్దాను. ఎందుకు కాదని అడిగింది. పెద్దయ్యాక చెప్తానన్నాను, కానీ ఆ సాయంత్రమే కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను.